చేతికందినవాడికే చలానా

(చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో చేసిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



త్యాగరాయ చెట్టిగారు కన్నుమూసి నూరేళ్ళయింది. ఆయన పేరు చెప్పగానే జస్టిస్ పార్టీ గుర్తొస్తుంది, 1916 నాటి బ్రాహ్మణేతర ప్రకటన గుర్తొస్తుంది, 1920లో చేతికి వచ్చిన ప్రభుత్వాధినేత పదవిని వద్దన్న సంగతి గుర్తొస్తుంది. నగరం దక్షిణాన ఆయన పేరుతో వెలిసిన త్యాగరాయనగర్ సరేసరి. అయితే ఆయన జీవితంలో సింహభాగం గడిచింది మునిసిపల్ సభలో. 1882లో సభ్యుడిగా అడుగుపెట్టి దాదాపు నాలుగు దశాబ్దాలు కార్పొరేషన్‌నే అంటిపెట్టుకున్నాడు. నీళ్ళు, మురుగు, దీపాలు, బళ్ళు: ఇవీ ఆ సభ ముందుకొచ్చే వ్యవహారాలు. అందుకే ఈ పేటలో ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు, సిద్ధాంతాలు పక్కనపెట్టి, మునిసిపాలిటీ పనిలోంచే ఒక ముక్క తీసుకున్నాను. చెత్త వేసినవాణ్ణి, పొగబెట్టినవాణ్ణి, మురుగు వదిలినవాణ్ణి పట్టుకుని అక్కడికక్కడే జరిమానా రాసే పద్ధతి గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. అక్కడికక్కడే వేసే జరిమానా మంచి పనిముట్టే. వీధిలో కనపడే తప్పుకు అంతకంటే చురుకైన మందు లేదు. కానీ కనపడని తప్పును అది ముట్టుకోలేదు. ఉత్తర చెన్నై గాలిని, నీటిని పాడుచేసేవాటిలో పెద్దవన్నీ వీధిలో నిలబడితే కనపడనివే. ఈ తేడా మరిచిపోయి చలానా పుస్తకాన్నే పర్యావరణ రక్షణ అనుకుంటే, శిక్ష పడేది ఎక్కువ పాడుచేసినవాడికి కాదు, చేతికి అందినవాడికి.

న్యూసెన్సు కేసు నుంచి చేతియంత్రం దాకా

వీధి పాడుచేసినవాడికి జరిమానా వెయ్యటం మన దగ్గర కొత్త కాదు. 1889లోనే పట్టణ న్యూసెన్సుల చట్టం వచ్చింది. కానిస్టేబులు పట్టుకుంటాడు, మేజిస్ట్రేటు ముందు నిలబెడతాడు, ముద్దాయి తప్పు ఒప్పుకుంటాడు, కొద్ది రూపాయలు కట్టి ఇంటికి పోతాడు. తెలుగు మాటల్లో న్యూసెన్సు కేసు అంటే ఈనాటికీ చిల్లర కేసు అనే అర్థం స్థిరపడింది ఇందుకే. ఒకపూట కూలి పోవటమే అసలు శిక్ష, జరిమానా ఆ తరవాతిది.

కోర్టు మెట్లెక్కకుండా తప్పు జరిగిన చోటే రసీదు రాసిచ్చి తెంచేసే పద్ధతికి మన దేశంలో ఊపొచ్చింది అల్మిత్రా పటేల్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో. 1996లో మొదలైన ఆ కేసులో, నగరాల చెత్త గురించి, చెత్త పారేసేవాళ్ళ దగ్గర అక్కడికక్కడే వసూలు చెయ్యటం గురించి సుప్రీంకోర్టు 2000లో ఆదేశాలిచ్చింది. ఆ ఏడే మునిసిపల్ ఘనవ్యర్థాల నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ 8న వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు, ప్రతి స్థానిక సంస్థా ఉపవిధులు రాసుకోవాలనీ, అక్కడికక్కడే జరిమానాకు కొలమానాలు పెట్టుకోవాలనీ, ఆ అధికారం ఎవరికిచ్చేదీ తేల్చుకోవాలనీ చెప్పాయి. అదే కేసులో 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బయట చెత్త తగలబెట్టటాన్ని నిషేధించింది. మామూలుగా తగలబెడితే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో తగలబెడితే 25,000 అని ధర కట్టింది.

తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే 14 రకాల ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చింది. ఆ ఏడాదే జరిమానాల పట్టీ కూడా ఖరారైంది. నిలవచేసి సరఫరా చేసేవాడికి మొదటిసారి 25,000, రెండోసారి 50,000, మూడోసారి లక్ష. చిన్న వ్యాపారికి 100, 200, 500. కాగితం మీద చూస్తే నిచ్చెన బాగానే వేశారు. అంతస్తును బట్టి మెట్టు. ఇక చెన్నై కార్పొరేషన్ బహిరంగంగా చెత్త పారబోస్తే వేసే 500 రూపాయల జరిమానాను 2024లో 5,000కు పెంచింది. రసీదు పుస్తకాల స్థానంలో శానిటరీ అధికారుల చేతికి కార్డు, యూపీఐ తీసుకునే యంత్రాలొచ్చాయి. నగదు చేతులు మారే అవకాశం తగ్గింది కనక ఇది మంచి మార్పే. తప్పు జరిగిన చోటు, వేళ, మొత్తం అన్నీ యంత్రంలో నమోదవుతాయి.

చట్టరీత్యా చూస్తే ఈ జరిమానా ఒక రాజీ. నువ్వు తప్పు ఒప్పుకుని ఇంత కట్టు, నేను కేసు పెట్టను అన్నది ఒడంబడిక. రాజీ కనక రెండోవైపు మనిషికి కాదనే హక్కు ఉండాలి. ఏ నిబంధన కింద వేశారో రసీదు మీద కనపడాలి. కాదంటే ఎవరితో మొరపెట్టుకోవాలో రాసి ఉండాలి. ఇవి లేని జరిమానాకూ సంతలో దౌర్జన్యంగా గుంజుకునే వసూలుకూ తేడా తెలియదు. పేదవాడికైతే అసలు తెలియదు.

ఎం.సి. రోడ్డులో ఒక చొక్కా

మన పేట బట్టల బజారు ఎం.సి. రోడ్డుకే వద్దాం. దీపావళికి ముందు రెండు వారాలు ఈ రోడ్డులో నడవటం కూడా ఒక విద్య. రాష్ట్రం నలుమూలల నుంచీ, నెల్లూరు, సూళ్ళూరుపేట, తడ నుంచీ కూడా జనం బట్టలకు దిగుతారు. రాత్రి షట్టర్లు దిగాక రోడ్డు చూడండి. ఒక్క రెడీమేడ్ చొక్కా తన వెంట ఏమేం తెస్తుందో లెక్కపెట్టండి: పైన పారదర్శకమైన సంచి, లోపల మడత నిలవటానికి అట్టముక్క, కాలరు కింద ప్లాస్టిక్ పట్టీ, మొదటి గుండీ దగ్గర ప్లాస్టిక్ సీతాకోకచిలుక, నాలుగైదు గుండుసూదులు లేదా క్లిప్పులు, వీపు వెనక పల్చటి కాగితం. కొన్నవాడు కొలత సరిపోతుందో లేదో చూసుకోవటానికి విప్పుతాడు. విప్పినవన్నీ కొట్టు గడప మీద రాలతాయి. కొట్టు కుర్రాడు చీపురుతో వాటిని గడప దాటిస్తాడు. గడప దాటాక అవి ఎవరివీ కావు.

ఆ కుప్ప పక్కనే ఒక జామకాయల బండి. బండి అంచుకు క్యూఆర్ అట్ట వేలాడుతుంది. బండి కింద జామ తొక్కలు, ఉప్పుకారం చల్లిన కాగితాలు. శానిటరీ ఇన్‌స్పెక్టరు యంత్రంతో వస్తాడు. ఆయనకు కుప్ప కనపడుతుంది, కుప్ప పక్కన మనిషి కనపడుతుంది. "ఇది నాది కాద్సార్, కొట్టువాళ్ళది" అంటుంది బండిఆమె. కొట్టు షట్టరు దిగిపోయింది. చొక్కాను అలా పొట్లం కట్టిన కార్ఖానా ఎక్కడో తిరుప్పూరులోనో ఇంకో రాష్ట్రంలోనో ఉంది. ఆ సమయానికి, ఆ చోట, జరిమానా కట్టగల స్థితిలో ఉన్న నేరస్థురాలు ఒక్కతే. పొద్దుట్నుంచీ పది, ఇరవై చొప్పున పడ్డ డబ్బు ఒక్క మీటుతో వెళ్ళిపోతుంది.

ఆ ఇన్‌స్పెక్టరు చెడ్డవాడని నేననను. ఆ పద్ధతే ఆయన్ని అక్కడికి తోస్తుంది. తప్పు చేస్తుండగా చూడాలి, మనిషి దొరకాలి, అక్కడే కట్టగలగాలి. ఈ మూడు షరతులకూ ఎప్పుడూ సరిపోయేది బండివాడు, నడిచిపోయేవాడు, చిన్న కొట్టువాడు. ప్లాస్టిక్ పొట్లాలు మార్కెట్లోకి తెచ్చే కంపెనీలే వాటిని వెనక్కి సేకరించాలని 2022లో కేంద్రం ఉత్పత్తిదారుల బాధ్యత మార్గదర్శకాలు తెచ్చింది. ఆ లెక్కలు పోర్టల్‌లో సర్టిఫికెట్లుగా నడుస్తాయి. ఆ పోర్టల్‌కూ ఈ గడపకూ మధ్య దూరం ఏ యంత్రంలోనూ నమోదు కాదు.

ధర కట్టిన తప్పు

జరిమానా పెంచితే తప్పు తగ్గుతుందా? వినటానికి తేలిగ్గా ఉంది కానీ జవాబు అంత తేలిక కాదు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని చూసుకునే కేంద్రాల్లో గ్నీజీ, రుస్తికినీ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవటానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు చిన్న జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. అంతకుముందు ఆయమ్మ ముందు తలదించుకోవాల్సి వచ్చేది. జరిమానా వచ్చాక, డబ్బు కట్టాం కదా అన్న ధైర్యం వచ్చింది. జరిమానా తీసేశాక కూడా ఆలస్యాలు తగ్గలేదు. పోయిన మొహమాటం తిరిగి రాలేదు.

ఇది మన దగ్గర రోజూ చూసేదే. ఇల్లు కట్టే మేస్త్రీని అడగండి. పాత గోడ పగలగొట్టిన రద్దు ఎక్కడికి పోతుందంటే, రాత్రిపూట లారీవాడు చూసుకుంటాడంటాడు. ఆ చూసుకోవటంలో దొరికితే కట్టాల్సిన జరిమానా కూడా ముందే కలిసి ఉంటుంది. రద్దును నియమం ప్రకారం తీసుకుపోవటానికయ్యే ఖర్చుకన్నా, దొరికే అవకాశంతో గుణించిన జరిమానా తక్కువైతే, కాలువ గట్టే చవక. బెక్కారియా అనే ఇటలీ న్యాయవేత్త 1764లోనే చెప్పాడు, నేరాన్ని ఆపేది శిక్ష కాఠిన్యంకన్నా శిక్ష తప్పదన్న నమ్మకమేనని. 5,000 రాసిపెట్టి వందమందిలో ఒకడికి వెయ్యటంకన్నా, 200 రాసి అందరికీ వెయ్యటం ఎక్కువ పనిచేస్తుంది.

పెద్ద జరిమానాకు ఇంకో చిక్కుంది. ముందున్న మనిషి రోజు సంపాదన ఆరువందలైతే 5,000 రాయటానికి ఏ ఇన్‌స్పెక్టరుకూ చెయ్యి రాదు. రాయడు. రాయకపోవటం ఆయన దయ అవుతుంది. దయకు బదులు ఏదో ఒకటి అడిగేవాడు ఏ ఊళ్ళో అయినా ఉంటాడు. చట్టం ఎంత కోపంగా కనపడితే దాని పక్కన బేరం అంత పెరుగుతుంది. హైదరాబాదులో అక్రమ ఫ్లెక్సీల మీద ఈ-చలానాలు జోరుగా రాసిన కాలంలో, అధికారపక్షానికో న్యాయం ప్రతిపక్షానికో న్యాయమా అన్న రగడ పత్రికలకెక్కింది. చలానా సమానంగా పడకపోతే చలానా వేసే సంస్థ పరువే ముందు పోతుంది.

వసూలును ప్రైవేటువాళ్ళకు అప్పజెబితే ఏమవుతుందో ఇంగ్లండు చూసింది. అక్కడ చెత్త వేసినవారికి స్థానిక సభలు వేసే స్థిర జరిమానాకు గరిష్ఠ పరిమితి 2018లో 150 పౌండ్లు, 2023లో 500 పౌండ్లు. కొన్ని సభలు ఆ పనిని కంపెనీలకిచ్చి, రాసిన చలానాను బట్టి సొమ్ము చెల్లించాయి. తేలిగ్గా దొరికే చిన్న తప్పుల వెంట పడుతున్నారని విమర్శలు వెల్లువెత్తాయి. చెత్త తగ్గితే తన ఆదాయం తగ్గే మనిషికి చెత్త తగ్గించే పని అప్పగించటం ఎక్కడైనా పొరపాటే.

సింగపూరు మనకు సగమే తెలుసు

ఈ మాట ఎత్తితే సభలో ఎవరో ఒకరు సింగపూరు పేరు తెస్తారు. తేవాల్సిందే. అక్కడ చిన్న చెత్తముక్క వేసినా మొదటిసారి 300 డాలర్లు. మళ్ళీ మళ్ళీ చేస్తే 1992 నుంచి రంగు చొక్కా తొడిగించి బహిరంగస్థలాలు ఊడిపిస్తారు. మనవాళ్ళు తిరిగొచ్చి చెప్పేది ఇంతవరకే.

చెప్పని సగం వేరే ఉంది. 1968లో పరిశుభ్రతా ఉద్యమం మొదలుపెట్టిన రోజుల్లోనే అక్కడ వీధి వ్యాపారుల పేర్లు నమోదు చెయ్యటమూ మొదలుపెట్టారు. తరవాత ఇంచుమించు 1986 దాకా, దశాబ్దంన్నరకు పైగా, ఆ వ్యాపారులందర్నీ కుళాయి, మురుగు గొట్టం, చెత్త గది ఉన్న భోజనశాలల్లోకి, మార్కెట్లలోకి మార్చారు. తప్పు చెయ్యకుండా బతికే వీలు కల్పించి, ఆ తరవాత తప్పుకు జరిమానా వేశారు. జామకాయల బండికి నీళ్ళ కుళాయి, తొక్కల డబ్బా చూపించని నగరం, ఆ బండికి చలానా రాస్తే అది సింగపూరు పద్ధతి కాదు.

తమిళనాడు ప్రభుత్వం కూడా 2021 డిసెంబరులో ‘మళ్ళీ పసుపు సంచి’ పేరుతో గుడ్డసంచుల ఉద్యమం ఎత్తుకుంది. కోయంబేడు మార్కెట్లాంటి చోట్ల నాణెం వేస్తే గుడ్డసంచి ఇచ్చే యంత్రాలు పెట్టింది. గుడ్డ నేసి, ఉతికి, అద్ది, ఓడలెక్కించిన పేట మనది. కంపెనీ కాలంలో బట్ట చలువచేసే పనివాళ్ళు నీళ్ళూ ఆరుబయలూ వెతుక్కుని ఇక్కడ స్థిరపడ్డారు కనకనే ఈ పేటకు ఆ పేరు. అలాంటి పేటలో గుడ్డసంచికి కరువు రాకూడదు. మిగిలిన ముక్కలతో సంచులు కుట్టించి ఇవ్వటం ఎం.సి. రోడ్డు వ్యాపారులకు భారం కాదు.

భోగి మంటల సంగతి చూడండి. 2018 జనవరి 13 తెల్లవారుజామున భోగి పొగ మంచులో కలిసి మీనంబాక్కంలో విమానాలు దిగలేకపోయాయి. టైర్లు, ప్లాస్టిక్ తగలబెడితే జరిమానా అని అంతకుముందూ చెప్పారు, ఆ తరవాతా చెప్పారు. తెల్లారగట్ల నాలుగింటికి సందు సందులో మంట వేస్తుంటే ఎంతమందికి చలానా రాస్తారు? ఇటీవలి ఏళ్ళలో కార్పొరేషన్ తీరు మార్చింది. పండగకు ముందే పాత బట్టలు, టైర్లు, ప్లాస్టిక్ సామాను ఇళ్ళ దగ్గరే తీసుకుంటోంది. తగలబెట్టటానికి ఇంట్లో టైరే లేకపోతే పిల్లవాడు ఏం తగలబెడతాడు? భోగిపళ్ళ పూట పొగ తగ్గించే దారిలో ఇది చలానాకన్నా చాలా ముందుంది.

ఇక్కడే నాకు త్యాగరాయ చెట్టిగారి సభ గుర్తొస్తుంది. పేదపిల్లలు బడికి రావటంలేదన్నది ఆ రోజుల సమస్య. తల్లిదండ్రులకు జరిమానా వెయ్యటం ఒక దారి. ఆయన అధ్యక్షతన 1920లో కార్పొరేషన్ ఇంకో దారి పట్టింది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడిలో తిండి పెట్టింది. పిల్లలు వచ్చారు. నూరేళ్ళ తరవాత దేశమంతా అదే దారిలో నడుస్తోంది.

కాలువలో చలానా రాయలేం

ఇక కనపడని తప్పుల సంగతి. మన పేటకు పడమటగా బకింగ్‌హామ్ కాలువ పోతుంది. ఒకప్పుడు పెదగంజాం నుంచి మరక్కాణం దాకా పడవలు నడిచిన కాలువ. కోస్తా ఆంధ్ర నుంచి కట్టెలూ సరుకులూ మద్రాసుకు చేరిన దారి. ఈ రోజు బేసిన్ బ్రిడ్జి దగ్గర నిలబడితే కనపడేది నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళలో ఎవరి వాటా ఎంతో వంతెన మీద నిలబడ్డ ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేడు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదల్లో మణలి చమురుశుద్ధి కర్మాగారం వైపు నుంచి నూనె ఇదే కాలువలో పడి ఎణ్ణూరు సాగరసంగమం దాకా పోయింది. జాలర్ల పడవలకు, వలలకు, ఇళ్ళ గోడలకు నల్లటి జిడ్డు పట్టింది. అదే నెల 26 అర్ధరాత్రి ఎణ్ణూరులో ఒక ఎరువుల కర్మాగారానికి సముద్రంలోంచి వచ్చే గొట్టం నుంచి అమ్మోనియా లీకై పెరియకుప్పం జనం పిల్లాపాపలతో రోడ్డున పడ్డారు. సాంకేతిక కమిటీ వేశారు, నివేదిక వచ్చింది, 5.92 కోట్ల పరిహారం సిఫార్సయింది. ఆ తరవాత విచారణలు. బండిఆమె చేతికి రసీదు వచ్చేది నిమిషంలో. ఇక్కడ నెలలు, ఏళ్ళు.

పెద్దవాటికి జరిమానా ఎలా కట్టాలో తెలియక కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర సూత్రమే ఉంది. కాలుష్య తీవ్రత, ఎన్ని రోజులు సాగింది, పరిశ్రమ పరిమాణం, చుట్టుపక్కల ఎంత జనం ఉన్నారు, వీటన్నిటినీ ఒక రూపాయి విలువతో గుణిస్తే పర్యావరణ పరిహారం వస్తుంది. ఎంత తక్కువైనా రోజుకు 5,000కు తగ్గకూడదు. చూడండి, చెన్నై వీధిలో చెత్త పారబోసినవాడికి పడే ధరా, కర్మాగారం చేసే ఒక రోజు కాలుష్యానికి పడే కనీస ధరా ఒకటే.

పెద్ద జరిమానాలు పడలేదనీ అనలేం. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరసంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు, పాలారు తదితర ప్రాంతాల్లో ఐదు జిల్లాల తోళ్ళ కార్ఖానాలు ఒక్కొక్కటీ పదేసి వేలు కట్టాలని తీర్పిచ్చింది. ఆ డబ్బు పర్యావరణ నిధికి పోవాలంది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని తేల్చింది ఆ తీర్పే. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండుమంది చనిపోతే, మర్నాడే హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు జమకట్టమంది. తలుచుకుంటే పెద్దవాడి విషయంలోనూ అక్కడికక్కడే సాధ్యమని ఆ రోజు తేలింది. కానీ తలుచుకోవటానికి పన్నెండు ప్రాణాలు పోవాల్సి వచ్చింది.

2022 అక్టోబరులో అదే ట్రిబ్యునల్ వ్యర్థాల నిర్వహణలో లోపాలకు తెలంగాణ రాష్ట్రాన్ని దాదాపు 3,800 కోట్లు పక్కన పెట్టమంది. ప్రభుత్వం కట్టే జరిమానా ప్రజల డబ్బే కనక, ఆ సొమ్ము ఆ మురుగు బాగుచెయ్యటానికే ఖర్చయితే తప్ప దానికి అర్థం లేదు.

జన్‌విశ్వాస్ చట్టం పుణ్యమా అని 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ పరిరక్షణ చట్టంలో జైలుశిక్ష బదులు 10,000 నుంచి 15 లక్షల దాకా డబ్బు శిక్ష వచ్చింది. అంటే పెద్ద పరిశ్రమల విషయంలో కూడా చట్టం చలానా వైపే నడుస్తోంది. నడవనివ్వండి. అయితే చలానాకు ఉండే వేగం కూడా వాళ్ళకు వర్తించాలి. ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలు తమ పొగగొట్టాలకు, మురుగు గొట్టాలకు నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టుకోవాలని కేంద్ర మండలి 2014లోనే ఆదేశించింది. ఆ అంకెలు మండలి కంప్యూటరుకు నేరుగా చేరతాయి. అంటే పెద్దవాడి తప్పుకు కూడా చోటూ వేళా నమోదవుతూనే ఉన్నాయి. హద్దు దాటిన గంటకు నోటీసు తనంతట తానే ఎందుకు పుట్టదు? మండలులకు ఆ అధికారం లేదన్న వాదన ఇన్నాళ్ళూ నడిచింది. 2025 ఆగస్టు 4న సుప్రీంకోర్టు, నియమాలు రూపొందించుకుని కాలుష్య నియంత్రణ మండలులు పరిహారం విధించవచ్చని తేల్చింది. ఆ సాకు కూడా పోయింది.

ఊడ్చేవాళ్ళ మాట

ఈ ఉపన్యాసంలో ఇంకా రావలసినవాళ్ళున్నారు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది దళితులు. నగరంలో రోజుకు పోగయ్యే ఐదు వేల టన్నుల పైచిలుకు చెత్తలో ఉత్తరభాగానిది కొడుంగయ్యూరు చేరుతుంది. సుమారు 340 ఎకరాల ఆ గుట్ట మనకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల కార్మికులు తమ పనిని ప్రైవేటు కంపెనీకి ఇవ్వవద్దని, ఉద్యోగాలు ఖాయం చెయ్యాలని కార్పొరేషన్ కార్యాలయం రిపన్ భవనం ముందు కూర్చున్నారు. హైకోర్టు ఆదేశం తరవాత 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్ళను ఎత్తి తీసుకుపోయారు. ఆ రెండు వారాలూ వీధుల్లో చెత్త పేరుకుంది. జరిమానా యంత్రాలు ఉన్నాయి కానీ ఊడ్చే చెయ్యి లేకపోతే యంత్రం దేనికీ కొరగాదని అప్పుడు తెలిసింది.

"ఫైను ఆయన వేస్తాడు, మళ్ళీ ఊడ్చేది నేనే గదయ్యా" అంది ఈ పేటలో ఊడ్చే ఒకామె నాతో. ఆ మాటలో విధానం మొత్తం ఉంది. జరిమానా సొమ్ము ఎక్కడికి పోతోంది? ఆమె చేతి తొడుగులకా, చెత్తబండి మరమ్మతుకా, మొత్తం ఖజానాలో కలిసిపోతోందా? ఈ ప్రశ్నకు జవాబు కనపడే చోట జనం చెల్లిస్తారు. కనపడని చోట ఏ వసూలునైనా దోపిడీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఇంటింటి చెత్త సేకరణకు రుసుము పెడితే అది చెత్తపన్ను అనే పేరుతో జనం నోళ్ళలో నానింది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి దాన్ని రద్దుచేస్తున్నట్టు ప్రకటించాల్సి వచ్చింది. రుసుము ఎక్కువన్నది ఒక్కటే ఫిర్యాదు కాదు. ఇచ్చినదానికి ఏం దక్కిందో ఎవరూ చూపించలేదు.

ఏం చెయ్యాలి

నాకు తోచినవి చెప్పి ముగిస్తాను. మొదటిది, తొక్కల డబ్బా, కుళాయి, రద్దు దింపుకునే స్థలం చూపించకుండా ఆ వీధిలో ఎవరికీ జరిమానా రాయకూడదు. రెండోది, మొదటి తప్పుకు చిన్న మొత్తం, అందరికీ తప్పకుండా. పెద్ద మొత్తాలు లారీవాడికి, మళ్ళీ మళ్ళీ చేసేవాడికి అట్టేపెట్టాలి. మూడోది, కొట్టు ముందరి కుప్పకు కొట్టుదే బాధ్యత కావాలి, పక్కన నిలబడ్డ బండిది కాదు. నాలుగోది, రాసేవాడి జీతానికీ రాసిన చలానాల సంఖ్యకూ ముడి ఉండకూడదు. ఐదోది, ఏ వార్డులో వసూలైన సొమ్ము ఆ వార్డు పారిశుద్ధ్యానికే ఖర్చు కావాలి, లెక్క గోడ మీద అంటించాలి. ఆరోది, వీధిలో యంత్రం ఎంత వేగంగా పనిచేస్తుందో మణలి పొగగొట్టం మీది యంత్రం అంతే వేగంగా పనిచెయ్యాలి. అంతదాకా కార్పొరేషన్ చూపించే వసూలు మొత్తాన్ని పర్యావరణ విజయంగా ఎవరూ చప్పట్లు కొట్టవద్దు. జరిమానా పద్ధతి గెలిచిందనటానికి రుజువు వసూలు పడిపోవటమే.

ఇవి అడగటానికి ఉద్యమం అక్కర్లేదు. ఇప్పుడు చెన్నైలో ప్రతి వార్డుకూ ఏరియా సభలున్నాయి. చట్టం మనకిచ్చిన వేదిక అది. ఖాళీ కుర్చీలతో నడిచే సభలవి. వచ్చేసారి కూర్చోండి. మూడు ప్రశ్నలే అడగండి: మన వార్డులో ఈ మూడు నెలల్లో ఎంతమందికి జరిమానా వేశారు, వాళ్ళలో బండ్లెన్ని, కొట్లెన్ని, కంపెనీలెన్ని, ఆ డబ్బుతో ఏం చేశారు. జవాబును మినిట్స్‌లో రాయించండి. రాయకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. తెలుగు వచ్చినవాళ్ళు పారిశుద్ధ్యం చేసే అమ్మల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. వీధి గురించి ఆ సభలో అందరికన్నా ఎక్కువ తెలిసింది వాళ్ళకే.